డిమైజ్డ్ ప్రెమిసెస్ అంటే చచ్చిపోయిన షాపు కాదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ రిపేరు షాపు కోసం ఒక షట్టర్ కిరాయికి మాట్లాడుకున్నారు. ఓనరు తరఫువాళ్లు తొమ్మిది పేజీల ఇంగ్లిషు అగ్రిమెంటు పంపారు. అందులో ‘డిమైజ్డ్ ప్రెమిసెస్’ అని పద్నాలుగు చోట్ల ఉంది. ఫోనులో తర్జుమా చేస్తే ‘మరణించిన ప్రాంగణం’ అని వచ్చింది. ఆ షట్టర్‌లో ఎవరో పోయి ఉంటారు, అది దాచిపెట్టి మనకు అంటగడుతున్నారు అని మీ నాన్నగారి అనుమానం. ఆ మాట తీసేయించాలా, అసలు ఆ షాపే వద్దనుకోవాలా?

రెండూ అక్కర్లేదు. లీజు కాగితంలో డిమైజ్ అంటే కిరాయికి ఇవ్వడం, డిమైజ్డ్ ప్రెమిసెస్ అంటే కిరాయికిచ్చిన స్థలం. అంతే. ఎవరూ పోలేదు. అయితే ఆ పద్నాలుగు చోట్లనూ ఇంకోసారి చదవండి, భయంతో కాదు, టేపు చేతిలో పెట్టుకుని. మీరు కట్టే కిరాయికి ఏ గోడ నుంచి ఏ గోడ దాకా మీ చేతికి వస్తుందో తేల్చేది ఆ మాటే.

ముందు మాట సంగతి చూద్దాం. పలకడం ‘డిమైజ్’. ఊనిక రెండో అక్షరం మీద, చివర ‘జ్’ శబ్దం, ప్రైజ్‌లో లాగ. డెమిస్ కాదు, డిమైస్ కాదు. మూలం లాటిన్‌లో ‘పంపేయడం, వదిలిపెట్టడం’ అనే అర్థమున్న క్రియ. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. ఉద్యోగం నుంచి తీసేయడానికి వాడే డిస్మిస్, పత్రికల్లో జడ్జీలు పదవి వదిలేటప్పుడు కనిపించే డెమిట్, ఇవన్నీ ఆ ఇంటి పిల్లలే. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే: చేతిలో ఉన్నదాన్ని వదిలి ఇంకొకరికి దారివ్వడం.

ఇంగ్లిషులో 15వ శతాబ్దం నాటికే ఇది ఆస్తి మాట. ఒకరు తమ భూమిని లీజు మీదనో వీలునామా ద్వారానో ఇంకొకరి చేతిలో పెడితే అది డిమైజ్. చావు అనే అర్థం రావడానికి 18వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. దారి కూడా సులువుగానే కనిపిస్తుంది. వీలునామా ఆస్తి చేతులు మారేది మనిషి పోయినప్పుడు. రాజ్యం చేతులు మారేదీ ఎక్కువగా రాజు పోయినప్పుడే. దాన్ని ‘డిమైజ్ ఆఫ్ ద క్రౌన్’ అనేవారు, కిరీటం చేతులు మారడం అని. వినగా వినగా జనం చేతులు మారడాన్ని వదిలేసి, దానికి కారణమైన చావునే డిమైజ్ అనడం మొదలుపెట్టారు. అంటే చావు అర్థం తర్వాత వచ్చి చేరింది. మీ అగ్రిమెంటులో ఉన్నది అసలు అర్థం.

దీనికి గట్టి సాక్ష్యం ఒకటుంది. 1936 డిసెంబరులో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్నాడు. ఆ పదవీత్యాగం కోసం పార్లమెంటు చేసిన చట్టంలో, ఆయన ఇక రాజుగా ఉండడు, ‘డిమైజ్ ఆఫ్ ద క్రౌన్’ జరుగుతుంది అని రాశారు. ఆ మనిషి నిక్షేపంగా బతికే ఉన్నాడు, 1972 దాకా ఉన్నాడు. పోయింది కిరీటం, ప్రాణం కాదు. మీ నాన్నగారికి ఈ ఒక్కటి చెప్పినా చాలు.

పక్కనున్న ప్రెమిసెస్ కథ కూడా తక్కువ తమాషా కాదు. లాటిన్‌లో దాని అర్థం ‘ముందు చెప్పినవి’. పాత దస్తావేజుల్లో మొదట ఇల్లూ దొడ్డీ హద్దులతో సహా వివరించి, తర్వాత ప్రతిసారీ అంత పొడుగు రాయలేక ‘ముందు చెప్పినవి’ అనేసేవారు. మన దస్తావేజుల్లో ‘పైన పేర్కొన్న ఆస్తి’, ‘సదరు ఆస్తి’ అన్నట్టు. పోనుపోను ఆ ‘సదరు’కే కట్టడం అనే అర్థం స్థిరపడింది. అందుకే కట్టడం అనే అర్థంలో అది ఎప్పుడూ బహువచనమే. చివరి ‘ఎస్’ అక్షరం లేకుండా ప్రెమిస్ అని రాస్తే అది తర్కంలో వాడే మాట, ఒక వాదానికి ఆధారమైన ప్రతిపాదన. షాపుకు నప్పదు. మీ కాగితంలో ‘డిమైజ్డ్ ప్రెమిస్’ అని ఎక్కడైనా ఉంటే అది టైపు తప్పు, అర్థం మారదు.

తమాషా ఇంకొకటి. మన ఊళ్లో మనిషి పోతే ‘ఎక్స్‌పైర్ అయ్యారు’ అంటాం. లీజు కాగితంలో ఎక్స్‌పైర్ అయ్యేది గడువు. గడువుతోనో ఇంకో కారణంతోనో లీజు ముగియడాన్ని ‘డిటర్మిన్’ అంటారు, నిర్ణయించడం అని కాదు. కాబట్టి ఆ భాషలో డిమైజ్ అంటే లీజు పుట్టుక, డిటర్మినేషన్ అంటే లీజు చావు. మనం సరిగ్గా తిరగేసి చదువుకుంటున్నాం.

ఇక కాగితంలో ఇది ఎక్కడెక్కడ ఎలా వస్తుందో చూడండి.

మొదటి పేజీల్లో ఒకచోట క్రియగా ఉంటుంది: ‘ద లెసర్ హియర్‌బై డిమైజెస్ అంటు ద లెసీ’. లెసర్ అంటే ఇచ్చేవాడు, లెసీ అంటే పుచ్చుకునేవాడు. ఓనరు ఇందుమూలంగా కిరాయిదారుకు ఈ స్థలాన్ని కిరాయికి ఇస్తున్నాడు అని అర్థం. కొన్ని కాగితాల్లో ‘డిమైజ్, లీజ్ అండ్ లెట్’ అని మూడు మాటలు వరసగా ఉంటాయి. మూడూ ఒకటే. రెండు ఫ్రెంచి మీదుగా వచ్చినవి, ‘లెట్’ అచ్చ ఇంగ్లిషు మాట, మన టులెట్ బోర్డులో ఉన్నదే. పాత ఇంగ్లిషు వకీళ్లకు జంట మాటలు, మూడేసి మాటలు అలవాటు. మన దస్తావేజుల్లో ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’ అన్నట్టే, ఒక మాట జారినా ఇంకోటి పట్టుకుంటుందని.

తర్వాత వచ్చే ఆ పద్నాలుగు చోట్లా విశేషణంగా, ‘డిమైజ్డ్ ప్రెమిసెస్’. ఇక్కడే అసలు పని. ఎక్కడో ఒక చోట, సాధారణంగా చివరి షెడ్యూలులో, ఆ మాటకు నిర్వచనం ఉండాలి. అది లేకుండా పద్నాలుగు సార్లు వాడితే పద్నాలుగు చోట్లా తగాదాకు చోటిచ్చినట్టే.

షెడ్యూలులో ఏముండాలి. ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, షట్టర్ నంబరు, నాలుగు హద్దులు, లోపలి కొలత అడుగుల్లో, ఆస్తిపన్నుకు నగరపాలక సంస్థ ఇచ్చిన పీటీఐఎన్ అనే గుర్తింపు నంబరు, కరెంటు మీటరు యూఎస్‌సీ (కనెక్షను) నంబరు. వీటికి తోడు ఒక ప్లాను కాగితం జతచేసి, మీ భాగానికి ఎర్రగీత గీసి, దాని మీద కూడా ఇద్దరూ సంతకం చేయాలి. ప్లాను లేని షెడ్యూలులో ‘తూర్పు: పొరుగువారి షట్టర్’ అని ఉంటుంది. ఆ పొరుగువారు రెండేళ్లకు ఖాళీ చేసి, మధ్య గోడ కొట్టేసి ఇంకొకరు వస్తే ఆ హద్దు ఎక్కడిదో చెప్పేవాడుండడు.

కొలత. సెంటీమీటరు లెక్కలేం వద్దు, లోపలి గోడ నుంచి లోపలి గోడకు టేపు పట్టండి. ఉదాహరణకు లోపల 10 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు వచ్చిందనుకోండి, 220 చదరపు అడుగులు. కాగితంలో ‘డిమైజ్డ్ ప్రెమిసెస్, సూపర్ బిల్టప్ 300 చదరపు అడుగులు’ అని ఉండి, అడుగుకు రూ. 120 చొప్పున కిరాయి అయితే నెలకు రూ. 36,000. చేతికి వచ్చే 220 మీద లెక్కేస్తే రూ. 26,400. తేడా రూ. 9,600. సూపర్ బిల్టప్ మీద లెక్కేయడం మోసం కాదు, మెట్లు, నడవా, బాత్రూము వాటా అందులో కలుస్తుంది. కానీ ఆ వాటా దేనిదో కాగితంలో రాసి ఉండాలి. ఇంకో చిక్కు: మీటింగులో గజాల్లో మాట్లాడతారు, కాగితంలో అడుగుల్లో రాస్తారు. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. ఇక్కడ మూడుతో గుణించి చతికిలపడేవాళ్లు ఎంతమందో.

గోడకు బయటివైపు ఎవరిది? మొబైల్ షాపుకు బోర్డే ప్రాణం. డిమైజ్డ్ ప్రెమిసెస్ అంటే ‘షట్టర్ లోపలి భాగం’ అని రాసుకుంటే షట్టర్ పైనున్న గోడ మీది కాదు. మీరు 10 అడుగుల బోర్డు పెట్టిన మర్నాడు పైఅంతస్తు డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు తమ ఫ్లెక్సీ దాని మీదికి దింపితే మీ దగ్గర సమాధానం ఉండదు. కాబట్టి షెడ్యూలులోనే రాయించండి: షట్టర్ పైన ఇంత వెడల్పు, ఇంత ఎత్తు బోర్డు పెట్టుకునే హక్కు కలుపుకొని. షాపు ముందు మెట్టు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ పెట్టే చోటు, ఇన్వర్టరు చోటు, కస్టమర్ల బండ్లు నిలిపే జాగా కూడా ఇదే కోవలోకి వస్తాయి. సెల్లార్‌లో సామాను పెట్టుకోమని ఓనరు నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి. పార్కింగ్‌కు అనుమతి ఉన్న సెల్లార్‌ను గోదాముగా వాడితే నోటీసు వచ్చిన రోజున సామాను మీదే, నష్టమూ మీదే.

రిపేర్లు. ‘లెసీ డిమైజ్డ్ ప్రెమిసెస్‌ను మంచి స్థితిలో ఉంచాలి’ అనే వాక్యం దాదాపు ప్రతి అగ్రిమెంటులో ఉంటుంది. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. నిర్వచనంలో ‘మొత్తం నిర్మాణం, శ్లాబు, గోడలు, డ్రైనేజీ’ కలిసి ఉంటే వానాకాలం శ్లాబు కారినప్పుడు ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ‘లోపలి ఉపరితలాలు, ఫ్లోరింగ్, షట్టర్, లోపలి వైరింగ్’ దాకానే ఉంటే శ్లాబు ఓనరుది. అంటే రిపేరు క్లాజు మార్చకుండానే నిర్వచనం మార్చి బరువు అటు ఇటు జరపవచ్చు. రిపేరు క్లాజు దగ్గర గంటసేపు బేరమాడి, నిర్వచనం చదవకుండా సంతకం పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఆస్తి బదలాయింపు చట్టం, 1882, సెక్షను 108 ప్రకారం ఓనరు చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయకపోతే మీరే చేయించి వడ్డీతో కిరాయిలో మినహాయించుకోవచ్చు. కానీ ‘ఓనరు చేయాల్సిన’ అన్నది కాగితమే చెప్పాలి, మళ్లీ అక్కడికే వస్తాం.

ఫిక్చర్లు. ‘డిమైజ్డ్ ప్రెమిసెస్ టుగెదర్ విత్ ఆల్ ఫిక్చర్స్ అండ్ ఫిట్టింగ్స్’, అంటే బిగించిన సామానంతటితో సహా అని ఉంటే, ఏ రోజు ఉన్న ఫిట్టింగులు? తాళాలు ఇచ్చిన రోజున ఉన్నవని తేదీతో సహా రాయించి, లెక్క జతచేయండి: రోలింగ్ షట్టర్ 1, ఫ్యాన్లు 2, ట్యూబులైట్లు 4, మీటరు 1 అని. లేకపోతే మీరు డబ్బు పోసి చేయించిన గాజు కౌంటరు, ర్యాకులు, ఫాల్స్ సీలింగ్ ఖాళీ చేసే రోజున ‘డిమైజ్డ్ ప్రెమిసెస్‌లో భాగమే కదా’ అనే మాట వినాల్సి వస్తుంది. అదే సెక్షను 108, మీరు బిగించినవి స్వాధీనం మీ చేతిలో ఉన్నంతసేపు తీసుకెళ్లవచ్చంటుంది, స్థలాన్ని పుచ్చుకున్న స్థితిలో అప్పజెప్పాలన్న షరతుతో. అయితే కాగితంలో దానికి విరుద్ధంగా ఒప్పుకుంటే కాగితమే చెల్లుతుంది. తాళాలిచ్చి వెళ్లిపోయాక మర్నాడు వచ్చి ర్యాకులు అడిగితే ఆ సెక్షనూ మీకు పనికిరాదు.

ఇప్పుడు ఇంకో చోట ఈ మాట తలకిందులుగా కనిపిస్తుంది, అది కూడా తెలుసుకోండి. మాల్‌లో చిన్న కియోస్కు, కోవర్కింగ్‌లో కుర్చీ, ఫంక్షన్ హాలు ముందు స్టాలు, ఇలాంటివాటికి ఇచ్చే కాగితాల్లో ‘నథింగ్ హియరిన్ షల్ అమౌంట్ టు ఎ డిమైజ్’ అని రాస్తారు. దీని తాత్పర్యం: మిమ్మల్ని ఇక్కడ కూర్చోనిస్తున్నాం గానీ ఈ జాగా మీద మీకు హక్కేమీ ఇవ్వడం లేదు. అది లీజు కాదు, లైసెన్సు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షను 52 కిందికి వస్తుంది. లీజు అయితే ఆ స్థలాన్ని అనుభవించే హక్కు మీకు బదిలీ అవుతుంది, గడువులోపల ఓనరు కూడా, తగిన వేళల్లో స్థలం స్థితి చూసుకోవడానికి తప్ప, ఇష్టం వచ్చినట్టు లోపలికి రాకూడదు. లైసెన్సు అయితే మీది అతిథి హోదా.

మరి పైన ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని శీర్షిక పెట్టి లోపల ‘డిమైజెస్’ అని రాస్తే? అలాంటి కలగాపులగం కాగితాలు అమీర్‌పేట జిరాక్సు షాపుల కంప్యూటర్లలో బోలెడు దొరుకుతాయి, ముంబయి నమూనా ఒకటి, ఢిల్లీ నమూనా ఒకటి అతికించినవి. కోర్టు శీర్షిక చూడదు, లోపలి సారం చూస్తుంది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కోకా సుబ్బారావు దీనికి రాసిన పరీక్షలే ఈనాటికీ వకీళ్లు చదివి వినిపిస్తారు. తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన మన తెలుగాయనే. హోటల్లో క్షౌరశాలకు ఇచ్చిన గదుల తగాదా అది. పేరుకు లైసెన్సు అని ఉన్నా, ఆ గదుల స్వాధీనం పూర్తిగా పుచ్చుకున్నవారికే దక్కింది కాబట్టి లీజేనని తేలింది. మీ కాగితంలో మాత్రం డిమైజ్ అని సూటిగా ఉంది, శీర్షికలోనూ లీజు అనే ఉందని రాశారు. కిరాయిదారుగా మీకు అది మేలు చేసే మాట. తీసేయమని అడగడం అంటే మీ కంచంలో ముద్ద మీరే తీసి పక్కన పెట్టడం లాంటిది.

గడువు మూడేళ్లు అని రాశారు గనక ఒక హెచ్చరిక. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం సెక్షను 17 అదే చెబుతుంది. లీజు దస్తావేజు మీద ఇద్దరూ సంతకం చేయాలి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్ల లీజు రాసి నోటరీ చేయించి, ‘మూడేళ్లు నన్ను కదిలించలేరు’ అనుకుంటే కుదరదు. రిజిస్టరు కాని కాగితంలోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. అప్పుడు మీది నెలనెలా కిరాయి కింద జమవుతుంది, షాపులాంటివాటికి 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. మీరు పెయింటింగుకూ కౌంటరుకూ పెట్టిన డబ్బు గాలికి. స్టాంపు డ్యూటీ తక్కువ పడితే అది వేరే తంటా, లోటూ జరిమానా కట్టేదాకా కాగితాన్ని కోర్టు ముట్టదు. పదకొండు నెలల అగ్రిమెంటు ఊరంతా ఎందుకు చలామణిలో ఉందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒక్క నెల తగ్గిస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కనక్కర్లేదని జనం లెక్క.  షాపుకు, అందులోనూ లోపల లక్షలు పెట్టే షాపుకు, నా మాట వింటే రిజిస్ట్రేషనే చేయించండి.

ఇప్పుడు చావు అర్థం సంగతి. అది తప్పేమీ కాదు, తర్వాత వచ్చినదైనా ఇవాళ ఎక్కువ చలామణి దానిదే. వాడకంలో జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి.

పరామర్శ ఉత్తరాల్లో ‘సారీ ఫర్ యువర్ డిమైజ్’ అని రాసేవాళ్లున్నారు. అంటే మీ చావుకు చింతిస్తున్నాం అని. ‘యువర్ ఫాదర్స్ డిమైజ్’ అనాలి. క్రియగా ‘హి డిమైజ్డ్ ఆన్ మండే’ అని కూడా మన ఆఫీసు ఉత్తరాల్లో కనిపిస్తుంది. మంచి ఇంగ్లిషులో చావు అర్థానికి ఇది నామవాచకంగానే ఉంటుంది, క్రియ అయితే ఆస్తిదే. సోమవారం ఆయన దేన్ని కిరాయికిచ్చాడు అని అడగాల్సి వస్తుంది. ‘శాడ్ డిమైజ్’లో శాడ్ దండగ, ఆనందకరమైన డిమైజ్ ఉండదు గనక. అయినా మన పత్రికల సంతాప ప్రకటనల్లో ఆ జంట విడిపోయేలా లేదు, వదిలేద్దాం.

స్థాయి రీత్యా ఇది ‘కాలధర్మం చెందారు’, ‘పరమపదించారు’ లాంటి బరువైన మాట. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోరు. పింఛను కాగితాలు, వారసత్వ ధ్రువపత్రం దరఖాస్తు, బ్యాంకు ఉత్తరం రాసేటప్పుడు గౌరవంగా ఉంటుందని డిమైజ్ వాడతారు. ఫారాల్లో ‘డెత్’ అని సూటిగా రాయడమే మేలు, ధ్రువపత్రం మీద ఉండేదీ అదే మాట కాబట్టి. మనుషులకే కాదు, ఏదైనా వ్యవస్థ ముగిసిపోయినా ఈ మాట చెల్లుతుంది. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు దాన్ని టెలిగ్రాం డిమైజ్ అంటే చక్కగా నప్పుతుంది. నిన్న చెడిపోయి రేపు బాగయ్యే ఫోనుకు నప్పదు, మళ్లీ లేవనిదానికే వాడాలి.

ఓడరేవుల్లో పనిచేసేవాళ్లకు ‘డిమైజ్ చార్టర్’ తెలిసే ఉంటుంది. ఓడను సిబ్బంది లేకుండా, స్వాధీనంతో సహా కొంతకాలం అప్పజెప్పడం. కెప్టెన్‌ను, నావికులను తీసుకున్నవాళ్లే పెట్టుకోవాలి. మనమే నడుపుకునే కిరాయి కారుకూ డ్రైవరుతో వచ్చే క్యాబుకూ ఉన్న తేడా లాంటిది. ఇక్కడా మాట సారం అదే, స్వాధీనం చేతులు మారడం.

మళ్లీ మీ కాగితానికి. అందులో 11వ క్లాజు అంటూ మీరు రాసి పంపిన వాక్యం చూడండి: ‘ఇన్ ద ఈవెంట్ ఆఫ్ డిమైజ్ ఆఫ్ ద లెసర్’. ఇక్కడ మాత్రం నిజంగానే చావు, ఓనరు చనిపోతే ఆయన వారసులు ఈ లీజుకు కట్టుబడి ఉంటారు అని. ఆ క్లాజు ఉండటం మీకు మంచిదే. కానీ ఒకే కాగితంలో ఒక మాటను రెండు అర్థాల్లో వాడటం అడ్డదిడ్డం పని. ఆ ఒక్క చోట మాత్రం ‘డెత్’ అని మార్పించండి. దానికి తోడు ఒక వాక్యం చేర్పించండి: ఓనరు పోతే, వారసులు ఎవరన్నది రుజువు చూపించేదాకా కిరాయి ఫలానా ఖాతాలోనే వేస్తే చెల్లుబాటవుతుంది అని. లేకపోతే ఇద్దరు కొడుకులూ ఒకే నెలలో చెరో రసీదు పుస్తకం పట్టుకుని వస్తారు.

ఇంత చెప్పినా నాన్నగారికి మనసొప్పకపోతే మార్చుకోవడంలో తప్పేమీ లేదు. మాట పోయినా హక్కు పోకుండా మార్చాలి, అంతే. ‘డిమైజ్డ్ ప్రెమిసెస్’ ఉన్న పద్నాలుగు చోట్లా ‘షెడ్యూల్ ప్రెమిసెస్’ అని పెట్టమనండి. క్రియగా ఉన్న ‘డిమైజెస్’ చోట ‘గ్రాంట్స్ ఆన్ లీజ్’ అనమనండి, ‘పర్మిట్స్ టు యూజ్’ అని మాత్రం ఒప్పుకోకండి, అది లైసెన్సు భాష. తెలుగు ప్రతి కావాలంటే ‘కింది షెడ్యూలులో వివరించిన, కిరాయికిచ్చిన ఆస్తి’ అని ఒకసారి రాసి, తర్వాత ‘సదరు ఆస్తి’ అంటే సరిపోతుంది. పాతబస్తీలో కిరాయినామా రాసే పెద్దవాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నది అదే.

కంప్యూటరులో ఒక్క నొక్కుతో అన్నిచోట్లా మార్చేయమని మాత్రం డాక్యుమెంట్ రైటరుకు చెప్పకండి. డిమైజ్ ఉన్న ప్రతిచోటా లీజ్ అని పడితే 11వ క్లాజు ‘ఓనరు లీజ్ అయిన పక్షంలో ఆయన వారసులు’ అని మొదలవుతుంది.